మేఘసందేశమున మార్గజ్ఞానము

పూర్వమేఘము మార్గకథనమనియు, ఉత్తరమేఘము సందేశకథనమనియు మన పాఠశాలలలో చెప్పుట పరిపాటి. మార్గకథనమనగా ఊళ్ల పట్టికయే యని పెక్కుమంది తలంపు. రామగిరి, ఆమ్రకూటము, రేవ, విదిశ, ఉజ్జయిని, దశపురము, కురుక్షేత్రము, కనఖలము, కైలాసము అని బాలురచేత వల్లె వేయించినచో పని తీరినదని భావింతురు. ఈ పట్టికను వల్లించినవాడు త్రోవ నెరుగునా? ఎరుగడనియే నా మతము. యక్షుడు మేఘునికి నేర్పినది పట్టిక కాదు.

పూర్వ, దక్షిణ, ఉత్తరాది శబ్దములకు పాణిని సర్వనామసంజ్ఞను వ్యవస్థయందు మాత్రమే విధించెను. వ్యవస్థ యనగా అవధినియమము. ఉత్తరమన్నంతనే 'దేనికి?' అను ఆకాంక్ష పుట్టవలయును. అవధి లేనిచోట, అనగా దక్షిణశబ్దము నేర్పరియను నర్థము నిచ్చుచోట, ఆ సంజ్ఞ లేదు. వైయాకరణు లందరు నెరిగిన యీ విషయము నిచట నేల తడవితిననగా, దారి నేర్చినవారిలోని రెండు తెగలను వేరుపరచుట కింతకంటె సులభమైన సాధనము నాకు కానరాదు. ఒకనికి అవధి తన పాదములయందే యుండును; వాడు కదలిన నదియు కదలును. ఇచట కుడికి, అచట నెడమకు అని మాత్రమే వాడెరుగును. రెండవవాడు తా నున్నచోట నుండియే యే యూరినైనను అవధిగా గొని, తక్కిన యూళ్లు దాని కే దిక్కున నున్నవో చెప్పగలడు. మానసపటము గలవాడు వీడే.

ఈ భేదమును పాశ్చాత్య మనశ్శాస్త్రజ్ఞులును పరీక్షించిరి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ టోల్మన్ 1946లో ఎలుకలకు చుట్టుదారిని ఆహారమును చేరుట నేర్పి, పిదప నా దారిని మూసి, కిరణములవలె వ్యాపించిన 18 దారులను వాని ముందుంచెను. నూటికి 36 ఎలుకలు ఆహార ముండిన దిక్కునకే సూటిగా పోవు దారిని పట్టినవి. ఆ ప్రయోగమును మరల చేసినవారి కెల్ల నదే ఫలము లభింపలేదు గాని, 1948లో టోల్మన్ ప్రతిపాదించిన మానసపటవాదము మాత్రము నిలిచినది. మెదడులో స్థలమును గుర్తించు కణములను 1971లో ప్రకటించిన జాన్ ఓకీఫ్ 2014లో నోబెల్ బహుమానమున భాగము నందెను.

ఇక కావ్యమునకు వత్తము. ఉత్తరమునకు బయలుదేరిన నీకు ఉజ్జయిని వంకరదారియే యగును, అయినను ఆ నగరమును చూడక పోవలదని యక్షుడు మేఘుని వేడును. ఈ వంకర యను మాటను వ్యాఖ్యాతలు నగరస్తుతికి అవతారికగా గ్రహించి దాటిపోవుదురు. నాకు కావ్యమున నింతకంటె ముఖ్యమైన మార్గవచనము లేదు. ఋజుమార్గము మనస్సున నుండనివాడు వంకరను వంకర యనజాలడు. పటము విప్పి చూడుడు: విదిశకు కనఖలము ఇంచుమించు సరిగా ఉత్తరమున నున్నది, ఉజ్జయిని పడమట, కొంచెము దక్షిణముగా గూడ నున్నది. ఊళ్ల వరుస మాత్రమే యెరిగినవానికి విదిశ పిమ్మట ఉజ్జయిని, అంతే. యక్షుడు రామగిరిపై కూర్చుండియే అవధిని విదిశకు మార్చి, అచటనుండి రెండు దారులను పోల్చిచూచినాడు.

మన కోలాచల మల్లినాథసూరి రామగిరిని చిత్రకూటముగా వ్యాఖ్యానించెను. ఆ మహానుభావుని యెడ భక్తి యెంత యున్నను, ఇది పొసగదు. చిత్రకూటమునకు రేవ దక్షిణమున నున్నది. అచటనుండి ఉత్తరమునకు పోవు మేఘునికి రేవ యెట్లు దారిలో తగులును? నాగపురమునకు ఉత్తరముననున్న రామటేకే రామగిరి యని వాసుదేవ విష్ణు మిరాశీ మొదలగువారు నిర్ణయించిరి. అదియైనచో రేవ ముందే యుండును. మల్లినాథుని పొరపాటునకు మూలము కావ్యమందే కలదు: సీత స్నానముచే పవిత్రములైన జలములు, రాముని పాదముద్రలు. రామకథలో కొండ యన్నంతనే చిత్రకూటము స్ఫురించుట సహజము. స్థలమును స్థలముచేత గాక, అది చేరిన కథచేత నిర్ణయించుట యన నిదియే. 1978లో స్టీవెన్స్, కూప్ అనువారు అమెరికావారిని పరీక్షింపగా, నెవాడా రాష్ట్రము కాలిఫోర్నియాకు తూర్పున నున్నది గావున, రీనో నగరము శాన్ డియేగోకు తూర్పున నున్నదనియే పెక్కుమంది చెప్పిరి. నిజమునకు రీనోయే పడమట నున్నది. పండితుడును సామాన్యుడును ఒకే తీరున తప్పుదారి పట్టుదురు కాబోలు.

మాలక్షేత్రము నెక్కిన మేఘుని గమనమును చెప్పునపుడు వచ్చు 'పశ్చాత్' శబ్దమును గూడ విచారింపవలసియున్నది. అపరశబ్దమునుండి నిపాతితమైన యీ పదము దిక్కు, దేశము, కాలము మూటియందును వర్తించును. 'పిమ్మట' అని కొందరు, 'పడమటికి' అని కొందరు అందురు. నేను రెండవదాని పక్షము. ఆ వెంటనే మరల ఉత్తరమునకే పొమ్మని యున్నది. నడుమ ఉత్తరమును విడువనివానికి 'మరల' యేల? అయితే రామటేకునుండి పడమటికి తొలగినవానికి ఈశాన్యముననున్న అమరకంటకము ఆమ్రకూటము కానేరదు. దానిని వేరుచోట వెదకవలసినదే.

అలకను చేరినపిదప చెప్పు రీతి మారును. కుబేరుని గృహమునకు ఉత్తరమున తన యిల్లనుచోట కవి ఏనప్ప్రత్యయాంతమును వాడెను. ఆ ప్రత్యయము దూరము కాని దిక్కుననే విహితము గావున, దిక్కుతోపాటు సామీప్యమును ఒక్క పదముననే లభించినది. తరువాత దిక్కులు లేవు, గుర్తులే: దూరమునుండి కనబడు ఇంద్రధనుస్సువంటి తోరణము, బాలమందారము, మరకతపు మెట్ల బావి, బంగారుటరటులు చుట్టిన క్రీడాశైలము, అశోక కేసరముల నడుమ నెమలి వ్రాలు బంగారుకోల, తుదకు ద్వారపార్శ్వముల వ్రాయబడిన శంఖపద్మములు. బాలురకు బోధించువారు ఈ క్రమమును గోడపటముతో గాక, పలకపై వారిచేతనే గీయించి చూడవలయును. పటమును చూచినవాడును గీచినవాడును సమానులు కారు.

ఈ గుర్తులను హృదయమున నిలుపుకొని యింటిని పోల్చుకొమ్మని యక్షుడు చెప్పును. చెప్పిన నోటితోనే, తా లేనందున ఆ యిల్లు ఇప్పటికి కాంతి తరిగియుండునని యనును. ఆతని హృదయముననున్న పటము విడిచివచ్చిననాటిది. నేటి యిల్లు మేఘుడు చూడవలసినది.