తాడు పట్టినవాడికి వాటా

విశాఖ ఆటోనగర్‌లో ఆర్డర్లు తగ్గి లేతు మిషన్ ఆగితే, దాని ముందు నిలబడినవాడి కూలీ కూడా ఆగిపోతుంది. అక్కడికి కొన్ని కిలోమీటర్ల దూరంలోని సముద్రపు ఒడ్డున లెక్క వేరు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకు, మోటారు పడవలకు వేట నిషేధం. మోటారు లేని సంప్రదాయ పడవలకు అది వర్తించదు. అందుకే ఆ రోజుల్లోనూ తెడ్డు పడవ మీద వెళ్ళి, ఒడ్డుకు లాగే అలివి వలను అర్ధచంద్రాకారంలో వేసి వస్తారు. పైఅంచున బెండ్లు తేలుతుంటాయి, కిందంచు బరువుకు నేలను రాసుకుంటూ వస్తుంది. వల రెండు చివరల తాళ్ళనూ ఒడ్డున నిలిచిన రెండు గుంపులు ఒక్క అదునులో లాగాలి, ఒక పక్క తొందరపడితే చేప జారిపోతుంది. ఈ పని ఒంటరిగా ఎవరివల్లా కాదు కనకే పంపకమూ అందరిదీ అయింది. వల, పడవ ఉన్నవాడికి ఎక్కువ పాళ్ళు వెళ్ళినా, తాడు పట్టిన ముసలివాడు ఉత్తచేతులతో ఇంటికి వెళ్ళడు. ఆ పూట కూరకు పోగా మిగిలిన నెత్తళ్ళు ఇసుక మీద ఎండి, వేట లేని రోజులకు నిలవవుతాయి.

వల ఖాళీగా వస్తే పంచుకునేదేముంది అంటారు. నిజమే, వాటా పద్ధతి ఒక్కటే చాలదు; వేట నిషేధ కాలానికి ఇచ్చే భృతిని 2025లో ప్రభుత్వం 20,000 రూపాయలకు పెంచింది. ఇక సన్నకన్ను వలలో పిల్లచేపలు పడతాయన్న ఆక్షేపణ మరింత బలమైనది. అయితే ఆ తప్పు వలకన్నుది, వాటా పద్ధతిది కాదు. కన్ను పెద్దది చేస్తే సరిపోతుంది. ఈ వలకు కావలసిందల్లా ఖాళీ ఇసుక ఒడ్డు. తీరంలో కొత్త కట్టడాలకు అనుమతి ఇచ్చేవాళ్ళు వల లాగే చోటు వదిలిపెట్టాలి.