ఉనికి, వుజూద్: మన వాదంలో ఒక లోపం

భౌతికం కానిది ఏదైనా ఉన్నదని చెప్పవచ్చునా అనే ప్రశ్న తెనాలివారికి కొత్తది కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమం వెలసింది ఆ ఊళ్లోనే. ఎం.ఎన్. రాయ్ భావాలను ఆంధ్రదేశంలో వ్యాపింపజేసిన ఆవుల గోపాలకృష్ణమూర్తి అక్కడే న్యాయవాది. ఇస్లాం చారిత్రక పాత్రను కొనియాడుతూ 1939లో గ్రంథం వ్రాసినవాడుగా రాయ్ మన పాఠకులకు పరిచితుడే. ఇక్కడ ప్రస్తావన మాత్రం ఆయన భౌతికవాదాన్ని గురించి.

ఈ హేతువాదానికి బాపట్ల, రేపల్లె వైపు సభల్లో మన ఉపన్యాసకులు తరచుగా ఇచ్చే సమాధానం ఒకటుంది. గాలి కనబడదు, విద్యుత్తు కనబడదు, తల్లి ప్రేమ కనబడదు; అయినా ఉన్నాయి గదా, అల్లాహ్ కూడా అంతే అంటారు. శ్రోతలు తలలూపుతారు. ఈ సమాధానం వలన మనకు మేలు కంటే కీడే ఎక్కువని నా మనవి.

గాలి, విద్యుత్తు భౌతికాలే. కనబడకపోవడం వేరు, శరీరం లేకపోవడం వేరు. 'గైబ్' అంటే మనకు మరుగున ఉన్నదని అర్థమే గాని భౌతికేతరమని కాదు. దైవదూతలు సూక్ష్మ శరీరాలు గలవారని మన కలాం పండితులలో అధికులు భావించారు. ఆత్మ సైతం సూక్ష్మ శరీరమే అన్నారు ఇమాముల్ హరమైన్ జువైనీ. ఆయన శిష్యుడైన గజాలీ ఇందుకు అంగీకరించలేదు. గురుశిష్యులే ఏకీభవించని విషయాన్ని సర్వసమ్మతమైన విశ్వాసంగా వేదికపై ప్రకటించడం సాహసం.

పోనీ, అవతలి పక్షం వాదమైనా దృఢమైనదా? శరీరం గలదే ఉన్నది అనేవారికి రాయ్ 1946 నాటి సిద్ధాంత సూత్రాలే అడ్డు తగులుతాయి. భావాలు శారీరక ప్రక్రియ నుండి పుడతాయనీ, పుట్టిన తరువాత తమ నియమాలను అనుసరించి స్వతంత్రంగా ఉంటాయనీ ఆయన అంగీకరించారు. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే, 2022 ఏప్రిల్ 4న ఏమి జరిగిందో చూడండి. అంతవరకు తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ గుంటూరు జిల్లావే. ఆనాడు బాపట్ల జిల్లా ఏర్పడింది; రేపల్లె అందులో చేరింది, తెనాలి గుంటూరులోనే నిలిచింది. ఒక్క మట్టిబెడ్డ కదలలేదు. అయినా రేపల్లెవాసి కలెక్టరుతో పని పడితే బాపట్ల వెళ్లవలసిందే. ఆ సరిహద్దు లేదని ఎవరనగలరు?

అనువాదకునికి ఇక్కడ మరొక చిక్కు ఉంది. 'వుజూద్'ను మనం 'ఉనికి' అంటున్నాము. తెలుగులో ఉనికి అంటే చోటు కూడా. 'ఉనికిపట్టు' అన్న మాటే సాక్ష్యం. కనుక ఉన్నదనగానే "ఎక్కడ?" అనే ప్రశ్న దానంతట అదే పుడుతుంది. అరబీలో ఆ పదానికి మూలధాతువు 'దొరకడం, కనుగొనడం' అనే అర్థమిస్తుంది. ఉన్నదంతా ఇంద్రియాలకు అందేదే అన్న భ్రమను ఇబ్నె సీనా 'ఇషారాత్' నాలుగవ ప్రకరణారంభంలోనే ఖండించాడు. జైద్‌కూ అమ్ర్‌కూ సమానమైన 'మానవత్వం' ఏ చోట ఉన్నది, దాని పొడవెంత అన్నది ఆయన వాదసారం. 'అస్తిత్వం' అంటే ఈ చిక్కు కొంత తగ్గుతుంది గాని, ఆ మాట మన ఇళ్లలో వినబడదు.

అయితే, జిల్లా సరిహద్దు ఉన్నట్లే అల్లాహ్ ఉన్నాడనవచ్చునా? అనరాదు. మన వక్తలు జారిపడేది ఇక్కడే. సరిహద్దు ప్రభుత్వ ఉత్తర్వుతో పుట్టింది, మరో ఉత్తర్వుతో పోగలదు. ఉత్తర్వుకు ప్రభుత్వం, ప్రభుత్వానికి మనుషులు, మనుషులకు మరొకటి ఆధారం. ఇలా ఒకదానిపై ఒకటి ఆధారపడినవాటి పరంపరకు ఏ ఆధారమూ అక్కరలేని అస్తిత్వం ఉండి తీరాలన్నదే పెద్దల అసలు వాదం. ఆ వాదంలో సరిహద్దు అల్లాహ్‌కు పోలిక కాదు, పరాధీనతకు ఉదాహరణ. వాజిబుల్ వుజూద్‌ను ప్రేమతోనూ విద్యుత్తుతోనూ పోల్చిన కుర్రవాడు, రేపు కళాశాలలో ఆ పోలిక విరిగినప్పుడు విశ్వాసమే విరిగిందనుకుంటాడు.

ఫిఖ్హ్ ఈ విషయంలో తత్వశాస్త్రం కంటే సూటిగా మాట్లాడింది. కళ్లెదుటి వస్తువు 'ఐన్'. అప్పు 'దైన్', అది ఒకరి 'జిమ్మా'లో, అంటే బాధ్యతలో, నిలిచి ఉంటుంది. ప్రోనోటు కాలిపోయినా అప్పు కాలదు. ఒక జనాజా వచ్చినప్పుడు దైవప్రవక్త (స) మృతుడికి అప్పు ఉన్నదా అని విచారించి, ఉన్నదని తెలిసి, మీరే నమాజు చేయండని సహచరులతో అన్నారు. ఆ అప్పు నాదని అబూ ఖతాదా (రజి) చెప్పిన మీదటనే తాము నమాజు చేశారు. అప్పటికి దేహంలో ప్రాణం లేదు. అప్పు మాత్రం ఉన్నది.