తెరుచుకోని కథ

అర్థంకాని కథలు నేను చాలానే చదివాను. మొదటి పేజీలో పోయినవాడు ఆఖరి పేజీలో కాఫీ తాగే కథలూ, కథంతా కిటికీలోంచి చూడ్డంతోనే సరిపోయే కథలూ చదివి, "శైలి బాగుంది" అని రాసి బయటపడ్డాను. కాని కిందటి శ్రావణమాసంలో నా చేతికొచ్చిన కథలాంటిది మాత్రం ఎన్నడూ చూడలేదు.

మా మహిళామండలి వార్షిక సంచికకి కథల పోటీ పెట్టాం. చదివి తేల్చే పని నా నెత్తిన పడింది. ఈ రోజుల్లో కథలు కవర్లలో రావు కదా, ఈమెయిల్‌కి తగిలించి పంపుతారు. అటాచ్‌మెంట్ అన్నమాట. మొత్తం ఇరవైమూడొచ్చాయి. ఇరవైరెండు తెరుచుకున్నాయి. ఇరవైమూడోది తెరిస్తే అందులో తెలుగక్షరం ఒక్కటి లేదు. ఇంగ్లీషు అక్షరాలూ, వాటి మధ్య బ్రాకెట్లూ, డాలరు గుర్తులూ, నెత్తిమీద చుక్కలున్న వింత అక్షరాలూ! మావారు కళ్ళజోడు సవరించుకుని చూసి, "అధివాస్తవికత అయ్యుంటుంది. బహుమతి దీనికే ఇచ్చెయ్యి, కాదనడానికి ఎవరికీ ధైర్యం చాలదు" అన్నారు.

నవ్వేసి పక్కన పెట్టేదాన్నే. కాని మా పోటీ నిబంధనల్లో అయిదోది గుర్తొచ్చి చెయ్యి ఆగింది. "తెరుచుకోని అటాచ్‌మెంట్లు పరిశీలించబడవు." ఆ వాక్యం రాసిన మహాతల్లిని నేనే.

కథ పంపినావిడది తెనాలి. డెబ్భై దాటిన మనిషి. ఫోను చేసి సంగతి చెబితే, "అదేమిటమ్మా, మా ఇంట్లో శుభ్రంగా కనబడుతోందే!" అన్నారు. చిక్కంతా ఆ మాటలోనే ఉందని నాకప్పుడు తెలియలేదు.

మా అక్కకూతురు ఈ విద్య చదువుకున్న పిల్ల. వంటింట్లో కూచోబెట్టి, వేడివేడి పెసరట్లు పెట్టి చెప్పించుకున్నాను. అర్థమైనంతవరకు మీకూ చెబుతాను.

ఈమెయిల్ మొదట్లో ఇంగ్లీషు మాటలు మొయ్యడానికే పుట్టింది. 1982లో రాసుకున్న నియమాల ప్రకారం దానికి తెలిసినవి 128 గుర్తులే. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కామాలు, ఫుల్‌స్టాపులు, అంతే. ఫొటో గాని, పాట గాని, మన తెలుగు గాని అందులో పట్టవు. అందుకని వాటిని ఆ గుర్తుల్లోకే మార్చి, మూటగట్టి పంపితే అవతలివాళ్ళు విప్పుకునేవారు. అలాంటి మూటగట్టే పద్ధతి ఒకటి, యూయూఎన్‌కోడ్ అనేదాన్ని, 1980లోనే అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మేరీ ఆన్ హోర్టన్ తయారుచేసింది. మకింతోష్ కంప్యూటర్లవాళ్ళు వాడుకున్న ముడి వేరు, దాని పేరు బిన్‌హెక్స్. ఎవరి ముడి తెలిసినవాళ్ళే దాన్ని విప్పాలి. తెలియనివాళ్ళకి దక్కేది పేజీలకి పేజీలు పిచ్చిరాత.

1992లో నథానియెల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు కలిసి 'మైమ్' అనే ఉమ్మడి కట్టుబాటు రాశారు. నన్నడిగితే దాని గొప్పతనం ముడిలో లేదు, మూటమీద అంటించిన చీటీలో ఉంది. 'లోపలున్నది ఫొటో, కట్టింది ఫలానా పద్ధతిలో' అని రాసిన చీటీ అది. ఊరగాయ జాడీలు వరసగా కట్టి పంపేటప్పుడు ఏది మాగాయో ఏది ఆవకాయో మనం రాసి అంటించమూ? అలాగే!

ఇప్పుడు ఎక్కువగా వాడే మూట పేరు బేస్64. మూడు ముక్కల్ని నాలుగక్షరాలుగా మారుస్తుంది. సరుకు మూడోవంతు బరువెక్కుతుంది గాని, చెక్కుచెదరకుండా చేరుతుంది. 'అమ్మ' అని ఇప్పటి యూనికోడ్ తెలుగులో రాసి ఈ మూటలో పంపితే, దారిలో అది పదహారు గుర్తులవుతుందట. అందులో 'అ' ఏమో '4, ఎల్, సీ, ఎఫ్'. అమ్మ పోలికలు వెతికినా కనబడవు. అయినా విప్పే నియమం అందరికీ ఒక్కటే కనక, అవతలికి అమ్మ అమ్మగానే వెళ్ళి చేరుతుంది.

మరైతే తెనాలి కథకి ఏమొచ్చింది? చీటీ సరిగ్గానే ఉంది, మూటా విడింది. తేడా అంతా లోపలి సరుకులో ఉంది. ఆవిడ ఆ కథని 2002లో వాళ్ళ వీధి చివరి డీటీపీ షాపులో టైపు చేయించారట. అప్పటి షాపుల్లో వాడిన తెలుగు ఫాంట్లు చాలావరకు వేషగాళ్ళు. లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరమే, పైకి తెలుగు ముఖం. ఒక గుర్తుకి తలకట్టు, ఇంకోదానికి గుడి, మరోదానికి ఒత్తు రంగు పూసి నిలబెట్టేవారు. ఆ ఫాంటున్న కంప్యూటర్లో నాటకం రక్తి కడుతుంది. లేనిచోట రంగు కడిగేసిన ముఖాలు బయటపడతాయి. పైగా ఒక కంపెనీ 'క' పెట్టిన చోట ఇంకో కంపెనీ ఇంకేదో పెట్టుకునేది.

షాపువాళ్ళని తిట్టి లాభం లేదు. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒక్కటే నెంబరు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. మన 'క' నెంబరు 3093. కాని మామూలు ఇళ్ళ కంప్యూటర్లలోకి ఆ తెలుగు రావడానికి 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చేదాకా ఆగాల్సొచ్చింది. ఈలోగా శుభలేఖలు ఆగుతాయా? ఎవరికి తోచిన ఉపాయం వాళ్ళు చేశారు. నా విమర్శల్లా ఒక్కటే. ఉపాయం చేసుకున్నవాళ్ళు 'నా ఇంట్లో కనబడితే లోకమంతా కనబడినట్టే' అనుకున్నారు. ఈ జబ్బు ఇంకా పూర్తిగా పోలేదు. ఈనాటికీ కొన్ని ఆఫీసు ప్రోగ్రాములు తమకే తెలిసిన మూటలో చుట్టి 'విన్‌మెయిల్' అనే ఫైలు మన మొహాన పారేస్తుంటాయి.

అన్నట్టు, ఆ జబ్బు నాకూ ఉంది. నా అయిదో నిబంధన అచ్చం అదే మాట అంటోంది కదా, 'నాకు కనబడకపోతే నువ్వు రాయనట్టే' అని!

మా పిల్ల ఆ ఫాంటు పేరు కనుక్కుని, పాత అక్షరాల్ని యూనికోడ్‌లోకి మార్చే పనిముట్టుతో ఓ సాయంత్రం కుస్తీపట్టింది. ఒత్తులు కొన్ని జారిపోయి 'అత్తయ్య' కాస్తా 'అతయ' అయింది గాని, కథ బయటికొచ్చింది.

ఒక ఇల్లాలు. ఇంటిఖర్చుల పుస్తకంలో నెలనెలా 'ఇంగువ' పద్దు కింద పది రూపాయలు ఎక్కువ రాసి, ఆ డబ్బు అక్కకూతురి చదువుకి పంపుతుంటుంది. "ఈ ఇంట్లో ఇంత ఇంగువ ఎవరు తింటున్నారే?" అని మొగుడు ఒక్కసారి అడిగి ఊరుకుంటాడు. తరవాత ఆవిడ మంచానపడుతుంది. లేచాక పుస్తకం తీస్తే, జబ్బుపడిన మూడు నెలలూ మొగుడి దస్తూరీతో 'ఇంగువ - పది రూపాయలు' అని ఉంటుంది. కథ అక్కడే ఆపాల్సింది. ఆవిడ ఇంకో పేరా రాసి, మొగుడి మంచితనం గురించి మనకి చెప్పారు. అది అక్కర్లేదు, ఇంగువ వాసన చాలు. అందుకే రెండో బహుమతి. మొదటిది న్యాయంగానే ఇంకొకరికి వెళ్ళింది.

కాని చదివి రెండో బహుమతి ఇవ్వడం వేరు, చదవకుండా బుట్టదాఖలు చెయ్యడం వేరు. ఆ పని నేను దాదాపు చేశాను.

మీలో ఎవరి దగ్గరైనా అప్పుడెప్పుడో డీటీపీ చేయించిన కథలూ, వంటల పుస్తకాలూ ఉంటే, ఆ ఫాంటు తెలిసినవాళ్ళు ఉండగానే యూనికోడ్‌లోకి మార్పించుకోండి. ఎవరికైనా పంపితే వెంట ఫాంటు పొదిగిన పీడీఎఫ్ కూడా పంపండి. పంపాక ఓ మాట అడగండి. వెనకటికి మన పెద్దలు 'ఈ ఉత్తరం అందినట్టు జాబు రాయగలరు' అని ముగించేవారు, గుర్తుందా? వాళ్ళకి టపామీద నమ్మకం లేక కాదు.

మా అయిదో నిబంధన ఈ ఏడు మార్చాం. "తెరుచుకోకపోతే మేమే ఫోను చేస్తాం" అని.