నీళ్లు అప్పిచ్చిన నేల

ఇర్రీ, ఓ కృష్ణజింకా, నీ పరుగు ఏమైపోయింది?

ఎండలు ముదిరితే 42 గేట్లు పట్టి నిలిపిన గోదావరి చిక్కి చిక్కి వెండిచారలా మిగులుతుంది. నందిపేట, డొంకేశ్వర్ దిక్కున మునిగిన శికం మూరమూరగా బయటపడుతుంది. నల్ల ఒండ్రు మీద పచ్చిక తలెత్తుతుంది. ఆ పచ్చికే నీ కొలువు. కాటుక వీపు, పాలనురుగు పొట్ట, మెలితిరిగిన కొమ్ములు! నువ్వు ఎగిరితే నల్లరేగడికే ప్రాణమొచ్చి గాలిలోకి లేచినట్టుంటుంది. నీ వెనక కొమ్ముల్లేని లేళ్లు, తేనెరంగు అలలై.

1963 తలచుకుంటే గుండె కలుక్కుమంటుంది. జూలై 26న నెహ్రూ పోచంపాడ్‌లో ఈ గోదావరి ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. అక్టోబరు 6న హైదరాబాదులో, మీర్ ఆలం చెరువు పక్కన, ఆయన పేరిట జూపార్కు తెరుచుకుంది. ఒకే ఏడు అక్కడ మృగాలకు ఇల్లు, ఇక్కడ నీళ్లకు ఇల్లు. నీ ఇంటికి మాత్రం ఎవరూ రాయి పాతలేదు.

బాసర దారిలో 1931 నాటి అలీసాగర్ ఉంది. గుట్ట మీద వేసవి విడిది, పూలతోట, జింకల పార్కు. చిన్నప్పుడు వనభోజనాలకు పోయి, బోధన్ చెరుకు ముక్కను కంచె సందులోంచి చాచాను. ఒక జింక వచ్చి ముక్కు ఆనించింది. తడి ముక్కు మీద గరికపోచ అంటుకుని ఉంది. కళ్లలో మాత్రం కంచె గళ్లుగళ్లుగా మెరిసింది. ఆ గళ్లు నా కళ్లలోంచి ఇంకా చెరగలేదు.

ఉమ్మడి రాష్ట్రంలో నువ్వే రాష్ట్ర జంతువువి. 2014లో తెలంగాణ ఆ కిరీటాన్ని చుక్కల జింకకు పెట్టింది. కిరీటం పోతే పోనీ, దౌడు తీసే నేలే జారిపోతోంది. శికంలోకి ట్రాక్టరు దిగుతుంది. రైతుదీ ఆకలే, నీదీ ఆకలే, ఎవరిని తిట్టను? అటు కంచెలో పరుగుకు చోటు లేదు, ఇటు బయలులో చోటు మిగలడం లేదు.

ఒండ్రులో నీ గిట్ట అచ్చు చూశాను. రెండు మామిడి పిందెలు పక్కపక్కన ఒత్తినట్టుంది. ఒక పిందెను ట్రాక్టరు చక్రం సగం తొక్కేసింది. రేపు ఎగువ వరద వస్తుంది, నీరు 1,091 అడుగుల గీత దాకా పాకుతుంది. ముందుగా ఆ పిందెల్లోనే నిండుతుంది.

మనుషుల ఊరు ఒకసారి మునిగితే తరాలు ఏడుస్తాం. నీ ఊరు ఏటేటా మునుగుతుంది.

నీళ్లు వచ్చేలోగా ఒక్కసారి దూకు, ఇర్రీ. కంచె గళ్లు నిండిన ఈ కళ్లలో నీ పరుగును దాచుకుంటాను.