పద్యనాటకమున తెర: పునఃప్రదర్శనములలో రంగాలంకరణము

మా ఆవని గ్రామమున శివరాత్రి జాతర దినములలో నాటకమాడునపుడు ఒక వింత గమనింపదగి యున్నది. సీతమ్మవారి గుడి గల కొండ వెనుక నిజముగా నిలిచియుండగా, దానికి ముందు అడవిని చిత్రించిన తెరను వ్రేలాడదీయుదురు. ఉన్న కొండను మఱుగుపఱచి రంగుల చెట్లను చూపుట అవివేకమని చిన్ననాట తలచితిని. ఇప్పుడట్లు తలపను. ఆ తెర అడవికి ప్రతిబింబము కాదు. నటుడు నిలువవలసిన చోటును, పద్యమునకు దొరకు వ్యవధిని నిర్ణయించు సాధనము. ఈ సంగతి మఱచుటవలననే నేటి పునఃప్రదర్శనములు పెక్కు చెడుచున్నవని నా అభిప్రాయము.

నాట్యశాస్త్రమున కక్ష్యావిభాగమను పద్ధతి కలదు. నటుడు రంగమును చుట్టి నడచినచో స్థలము మాఱినట్లే. మన వీథినాటకమునకును ఇద్దఱు పట్టుకొను తెర యొక్కటి చాలియుండెను. పందొమ్మిదవ శతాబ్దము చివర పారసీ, ధార్వాడ నాటక సమాజముల ప్రభావమున చిత్రిత యవనికలు వచ్చినవి. ఆ కాలముననే బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు (1853–1912) తమ నాటకములలో పాటలను విరివిగా చేర్చిరి. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున కీచకవధ నాడిన కుటుంబములవారు తెరలను, తీగలను, మాయోపాయములను ఒక కళగా పెంచిరి. పాటయు తెరయు కలిసి పెరిగినవి.

ఆ కలయిక యెట్టిదో చూడుడు. వీథి తెర దిగగనే రంగము లోతు తగ్గును. నటుడు సభకు చేరువగా వచ్చి పాడును. వెనుక ఆ లోపల సింహాసనములు సర్దుదురు. సర్దుట ముగియలేదని సైగ వచ్చినచో హార్మోనియము వాయించు మేష్టరు రాగమును మఱికొంత పొడిగించును. తెర లేచినపుడు కొలువు విశాలముగా కన్నట్టును. ఇఱుకు తరువాత విశాలము, ఏకాంతము తరువాత సభ: ఈ మార్పులోనే సగము రసమున్నది.

నేటి సమాజములు కొన్ని తెరలను తీసి వెలుగు బొమ్మల ఎల్‌ఇడి పలకను నిలుపుచున్నవి. రంగము క్షణములో మాఱును గనుక నడుమనుండు వీథి రంగములు అనవసరములై తొలగినవి. వానితో వాని పద్యములును పోయినవి. వెనుకనుండి వచ్చు కాంతివలన నటుని మొగము నల్లబడును. మేఘములు కదలుచుండగా పద్యము నాలుగవ పాదము నెవరు విందురు?

బళ్ళారి రాఘవ (1880–1946) దీర్ఘాలాపనను నిరసించి సహజాభినయమును కోరెను. ఆ మార్గమును మెచ్చువారు నల్లగుడ్డ యొక్కటి చాలునందురు. సంభాషణ ప్రధానమైన నాటకమునకు అది చెల్లును. పద్యనాటకమునకు చెల్లునని నేనును నమ్మి, నమ్మి చెడితిని.

తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగమందలి పడక సీను తెలుగువారి కెల్లరకు తెలిసినదే. మా పాఠశాల బాలురచేత దానిని ఆడించునపుడు పాత తెరలను వలదంటిని. నల్లగుడ్డ కట్టించి, శ్రీకృష్ణుని శయ్యను తల వెనుకకు, కాళ్ళు సభవైపునకు ఉండునట్లు వేయించితిని, కొత్తదనముగా తోచినది. తలవైపు కూర్చున్న దుర్యోధనుడు శయ్యకావల మఱుగుపడెను. కాళ్ళయొద్ద అర్జునుడు సభకు వీపు చూపెను. మైకు ముందున్నది, బాలుని నోరు వెనుకకున్నది, పద్యము వినబడలేదు. కృష్ణుడు మేల్కొని ముందుగా ఎవనిని చూచెనో సభకు తెలియలేదు. ఆ చూపు కనబడని యెడల ఆ రంగమున మిగులునదేమి? హార్మోనియము వాయించిన వృద్ధుడు నన్ను నిందింపలేదు. "మంచమును అడ్డముగా వేయవలెనయ్యా, పంతులుగారూ" అనెను, అంతే. శయ్య అడ్డముగా నున్నచో రాజులిద్దఱు చెరియొక ప్రక్క కనబడుదురు. కృష్ణుని చూపు కాళ్ళవైపు మొదట పోవుట సభ యంతయు చూడగలదు.

పాతదంతయు మేలని కాదు. మా జిల్లాలో కన్నడ కురుక్షేత్రమునకును తెలుగు నాటకమునకును అద్దె సీనరీయే తెచ్చుట కలదు. జిగేలుమను స్తంభములు, నెమళ్ళు, విద్యుద్దీపముల మాలలు, ఏ రంగమునకైనను అవియే. హస్తిన యేదో ద్వారక యేదో తెలియదు. అయినను ఆ సీనరీలో వీథి తెర యుండును, మంచమునకు చోటుండును. అందుచేత పద్యము బ్రదుకుచున్నది.

వచ్చు జాతరకు మరల పడక సీనునే ఆడింప నిశ్చయించితిమి. వెనుక నల్లగుడ్డ యుండును. మంచము అడ్డముగా నుండును. ముందు దిగు వీథి తెర యొక్కటి కుట్టించుచున్నాము. దానిపై ఏ వీథిని వ్రాయవలెనో ఇంకను తేలలేదు. ద్వారక వీథి యని నేను, ఆవని రథవీథి యని బాలురు.