ఐడా పట్టిన లెక్క

‘దొంగ అనుకుని జనం కొట్టి చంపారు’ అని కాపీలో కనిపిస్తే నేను ముందుకు పోలేను. దొంగ అని తేల్చిందెవరు? ఆ జనం ఎవరు? వార్తను ఇలా నిలదీయడం నాకు నేర్పింది అమెరికా నల్లజాతి విలేకరి ఐడా బి. వెల్స్.

1862లో మిసిసిపీలోని హోలీ స్ప్రింగ్స్‌లో బానిస కుటుంబంలో పుట్టిందామె. ఆమెకు పదహారేళ్లప్పుడే ఎల్లో ఫీవర్ తల్లిదండ్రుల్ని పొట్టన పెట్టుకుంటే, పంతులమ్మగా చేరి తోబుట్టువుల్ని సాకింది. తర్వాత మెంఫిస్‌లో ‘ఫ్రీ స్పీచ్’ పత్రికలో భాగస్వామి, సంపాదకురాలు అయింది.

1892 మార్చిలో ఆమె స్నేహితుడు థామస్ మాస్‌నీ, అతనితోపాటు మరో ఇద్దరినీ తెల్లమూక జైల్లోంచి ఈడ్చుకెళ్లి కాల్చి చంపింది. వాళ్లది నల్లవాళ్లు పెట్టుకున్న కిరాణా కొట్టు. దానివల్ల దగ్గర్లోని తెల్ల వ్యాపారికి బేరాలు పడిపోయాయి. అసలు మంట అదీ. లించింగ్, అంటే మూకహత్య, అత్యాచారానికి జనం వేసే శిక్షే అన్న ప్రచారాన్ని అప్పటిదాకా ఐడా కూడా కొంత నమ్మింది. మాస్ మీద అలాంటి ఆరోపణే లేదు. దాంతో పాత కేసులన్నీ తవ్వడం మొదలుపెట్టింది. మే నెలలో దీనిపై ఆమె రాసిన సంపాదకీయానికి మండిపడి మూక ‘ఫ్రీ స్పీచ్’ ఆఫీసును ధ్వంసం చేసింది. ఊళ్లో లేదు కాబట్టి ఆమె బతికిపోయింది.

నన్ను కట్టిపడేసేది ఆ తర్వాత ఆమె చేసిన పని. 1895 నాటి ‘ఎ రెడ్ రికార్డ్’లో హతుల పేర్లు, తేదీలు, ఊళ్లు, మోపిన నేరాలు వరసగా అచ్చేసింది. నిప్పు పెట్టాడని ఒకరిని, దొంగతనం చేశాడని ఇంకొకరిని చంపారు. కొన్నిచోట్ల నేరమే లేదు. ఈ లెక్కలు ఆమె సొంతవి కావు. తెల్లవాళ్ల పత్రిక ‘చికాగో ట్రిబ్యూన్’ ప్రచురించినవి. నల్లమనిషి మాట నమ్మని దేశంలో తెల్లవాళ్ల కాగితాన్నే సాక్ష్యానికి నిలబెట్టింది. కోపాన్ని ఆధారంగా మలచడమంటే ఇదే. విలేకరితనంలో ఇంతకు మించిన విద్య నాకు తెలియదు.

ఆమె 1931లో కన్నుమూసింది. లించింగ్‌ను ఫెడరల్ నేరంగా ప్రకటించే చట్టం అమెరికాలో 2022లో గానీ రాలేదు.

కొత్తగా కలం పట్టిన విలేకరులకు ఒక్క మనవి. మూకహత్య వార్త రాసేటప్పుడు చనిపోయిన మనిషి పేరు, చంపినవాళ్లు చెప్పిన కారణం, దానికి దొరికిన ఆధారం వేర్వేరు వాక్యాల్లో రాయండి. ఆధారం లేకపోతే, లేదనే రాయండి.