రోజుకొక్క ఫొటో

1979 మార్చి 31న అమెరికాలోని బార్డ్ కాలేజీ విద్యార్థి జేమీ లివింగ్‌స్టన్ ఒక పోలరాయిడ్ ఫొటో తీశాడు. దాని వెనక పెద్ద సంకల్పమేమీ లేదు. కొన్ని వారాలు గడిచాక చూసుకుంటే దాదాపు రోజుకొకటి చొప్పున ఫొటోలు పోగయ్యాయి. సరే, ఇలాగే సాగిద్దాం అనుకున్నాడు. పద్దెనిమిదేళ్లకు పైగా సాగించాడు. స్నేహితుల ఇళ్లలో భోజనాలు, బేస్‌బాల్ మ్యాచులు, పాటల కచేరీలు, వానకు తడిసిన వీధులు, చివరికి ఆసుపత్రి గది. 1997 అక్టోబరు 25న, సరిగ్గా 41వ పుట్టినరోజు నాడు, మెదడులో కణితితో అతను చనిపోయాడు. అప్పటికి పేరుకున్న ఫొటోలు 6,000 పైచిలుకు.

అతను వాడిన కెమెరా గురించి కొంచెం చెప్పుకోవాలి. పోలరాయిడ్ కంపెనీ 1972లో తెచ్చిన ఎస్ఎక్స్-70 అది. మడిస్తే కోటు జేబులో పట్టేస్తుంది, పైకి లాగితే తెరుచుకుంటుంది. ఎర్ర బటన్ నొక్కగానే లోపల మోటారు గిర్రుమని తిరిగి, కెమెరా ముందు భాగం నుంచి చదరపు ఫొటో బయటికొస్తుంది. అలా వచ్చేటప్పుడు రెండు రోలర్ల మధ్య నలుగుతుంది. కింది తెల్ల అంచులో దాచిన రసాయనం ఆ ఒత్తిడికి బయటపడి ఫొటో అంతటా పలచగా పరుచుకుంటుంది. డార్క్‌రూమ్ అక్కర్లేదు. చేతిలో పట్టుకుని చూస్తుండగానే, కొన్ని నిమిషాల్లో బొమ్మ తేలుతుంది. అప్పట్లో ప్యాకెట్‌కు పది ఫొటోలే ఉండేవి. విడిగా నెగటివ్ ఉండదు కాబట్టి మళ్లీ ప్రింటు వేయించుకునే వీలూ లేదు. ఒక్కో నొక్కుకూ డబ్బు ఖర్చవుతున్నప్పుడు, రోజుకొకటి అనే లెక్క దానంతట అదే కుదిరిపోతుంది.

ఫోన్ చేతిలో ఉన్న ఈ కాలంలో ఆ అడ్డు లేదు. పెళ్లికి వెళ్తే వందల ఫొటోలు తీస్తారు, తిరిగి చూసుకునేవి పదో పదిహేనో. అందుకే రోజుకొక్క ఫొటో అన్న నియమానికి ఇప్పుడు మరింత విలువ వచ్చింది. ఏడాది పొడుగునా చేస్తే దాన్ని 365 ప్రాజెక్టు అంటున్నారు. జనవరి ఒకటిన ఉత్సాహంగా మొదలుపెట్టి సంక్రాంతి దాటేసరికి వదిలేసేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లను దెబ్బతీసేది ఒకే ఆలోచన: రోజూ గొప్ప ఫొటో రావాలనుకోవడం. ఆఫీసు, బస్సు, ఇల్లు తప్ప ఇంకేమీ లేని మంగళవారం నాడు గొప్ప దృశ్యం ఎక్కణ్నుంచి వస్తుంది? సంగీతం నేర్చుకునేవాళ్లు రోజూ కచేరీ చేయరు, సరళీ స్వరాలు సాధకం చేస్తారు. ఈ అలవాటునూ అలాగే చూడాలి. ఇవాళ్టి ఫొటో పాడైతే పోయేదేమీ లేదు, రేపు ఇంకొకటి ఉంది. ఆ ధీమా ఉన్నప్పుడే మనిషి ప్రయోగాలకు దిగుతాడు.

నియమం ఎంత కఠినంగా ఉండవచ్చో జిమ్ బ్రాండెన్‌బర్గ్ చూపించాడు. నేషనల్ జియోగ్రాఫిక్‌కు తోడేళ్ల ఫొటోలు తీసి పేరు తెచ్చుకున్న ఫొటోగ్రాఫర్ ఆయన. ఆ రోజుల్లో అలాంటి పత్రికలకు పనిచేసేవాళ్లు ఒక్క కథనానికి వందల రీళ్లు ఖర్చుపెట్టడం మామూలే. ఆ అలవాటును విరగ్గొట్టాలని 1994లో ఒక నిర్ణయం తీసుకున్నాడు. మిన్నెసోటా అడవుల్లో, తన ఇంటి చుట్టుపక్కల, సెప్టెంబరులో రాత్రీ పగలూ సమానమయ్యే రోజు నుంచి డిసెంబరులో పగలు అతి తక్కువగా ఉండే రోజు దాకా 90 రోజులు. రోజుకు ఒక్కసారే షట్టర్ నొక్కాలి. పది తీసి ఒకటి ఎంచుకోవడానికి వీల్లేదు. పైగా ఫిల్మ్ కెమెరా, తీసింది ఎలా వచ్చిందో అప్పటికప్పుడు తెలియదు.

పొద్దున్నే ఒక లేడి కనబడితే నొక్కాలా, సాయంత్రం ఇంకా మంచిది దొరుకుతుందని ఆగాలా? ఆగితే ఏమీ దొరక్కపోవచ్చు. అక్టోబరులో ఒకనాడు తడిలో, చలిలో తిరిగి తిరిగి, వెలుతురు పోతున్న వేళ దాదాపు ఆశ వదులుకున్నాక, నల్లటి నీటి మీద తేలుతున్న ఒక ఎర్రటి మేపుల్ ఆకు ఆయనకు కనిపించింది. ఆ రోజుకు అదే ఫొటో. ఆ వరసలో జనానికి బాగా గుర్తుండిపోయిన వాటిలో అదొకటి. ఆ ఫొటోలు నేషనల్ జియోగ్రాఫిక్ 1997 నవంబరు సంచికలో వచ్చాయి, మరుసటి ఏడాది ‘చేస్డ్ బై ద లైట్’ పేరుతో పుస్తకమయ్యాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు తొలిరోజు నుంచే ఈ నియమం పెట్టడం సరికాదు. ఎన్నైనా తీసి, రాత్రికి ఒక్కటే ఉంచుకోవడం మొదట్లో మంచిది. ఎంచుకోవడం కూడా ఒక విద్యే, అదీ చేతికి రావాలి. చేయి కుదురుకున్నాక నెలకో వారం బ్రాండెన్‌బర్గ్ పద్ధతిలో ఒక్కసారే నొక్కి చూడాలి. ఆ వారం కాళ్లు నెమ్మదిస్తాయి, కళ్లు పనిచేయడం మొదలవుతుంది.

ఇక ప్రయోగాలు. రోజుకో వింత చేయడంకంటే ఒక్కో వారం ఒకే విషయం పట్టుకోవడం మేలు. మొదటి వారం వెలుతురు కొలతకు ఇవ్వవచ్చు. కెమెరాలోని మీటరు తన ముందున్నదాన్ని ఒక మధ్యరకం బూడిదరంగు స్థాయికి సరిచేయాలని చూస్తుంది. ఆరేసిన తెల్ల పంచెను ఫ్రేమ్ నిండా తీస్తే అది మాసినట్టు వస్తుంది. నల్ల గేదెను తీస్తే ఒళ్లంతా వెలిసిపోయినట్టు వస్తుంది. తప్పు కెమెరాది కాదు, దానికి ఎదురుగా ఉన్నది పంచో గేదో సరిగా తెలియదు. పంచెకు ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే రెట్టింపుకు, పెంచాలి; గేదెకు ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించాలి. ఫోన్లలో చాలావాటికి తెర మీద వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు రెండూ అక్కడే ఆగిపోతాయి. ఆ తర్వాత పక్కన కనిపించే గుర్తును పైకో కిందికో జరిపి సరిచేసుకోవచ్చు. ఈ ఒక్క సంగతి వారం రోజులు చేస్తే జీవితాంతం మరిచిపోరు.

చేతిలో మాన్యువల్ కెమెరా ఉన్నవాళ్లకు పాతకాలపు లెక్క ఒకటుంది. ఎర్రటి ఎండలో అపర్చర్‌ను ఎఫ్/16 దగ్గర పెట్టి, షట్టర్ వేగాన్ని ఐఎస్ఓ అంకెకు దగ్గరగా ఉంచడం. ఐఎస్ఓ 100 అయితే సెకనులో 100వ వంతు, లేదా కెమెరాలో ఉండే 125వ వంతు. మబ్బు పడితే అపర్చర్ ఎఫ్/8కి తెరవాలి. మీటరు వైపు చూడకుండా ముందు కంటితో అంచనా కట్టి, ఆ తర్వాత మీటరుతో పోల్చుకోవాలి. కొన్నాళ్లకు గదిలోకి అడుగుపెట్టగానే ఇక్కడ ఎంత వెలుతురుందో మనసే చెబుతుంది.

ఇంకో వారం కదలికకు. రోడ్డు పక్కన నిలబడి, షట్టర్ వేగం సెకనులో 30వ వంతు పెట్టి, వెళ్తున్న ఆటోతోపాటే కెమెరాను తిప్పుతూ మధ్యలో నొక్కాలి. పాదాలు కదపకూడదు, నడుము పైభాగమే తిరగాలి, నొక్కాక కూడా తిప్పడం ఆపకూడదు. కుదిరితే ఆటో స్పష్టంగా ఉంటుంది, వెనకాల కిరాణా కొట్టూ టీ బడ్డీ అడ్డగీతలుగా సాగిపోతాయి. మొదటి రోజుల్లో ఆటో కూడా గీతల్లో కలిసిపోతుంది. నాలుగో రోజుకో అయిదో రోజుకో డ్రైవరు ముఖం నిలబడుతుంది.

ప్రయోగం అంటే ఎప్పుడూ కొత్త చోట్లకు వెళ్లడమే అనుకునేవాళ్లు చెక్ ఫొటోగ్రాఫర్ యోసెఫ్ సుదెక్ పని చూడాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన కుడిచేయి పోయింది. బరువైన పెద్ద కెమెరాలను ఒంటిచేత్తోనే నడిపాడు. ప్రాగ్ నగరం నాజీల చేతిలో ఉన్న రోజుల్లో బయట ఫొటోలు తీయడం కష్టమై, తన స్టూడియో కిటికీ వైపు తిరిగాడు. 1940 నుంచి 1954 దాకా అదే కిటికీ. అవతల పెరట్లో వంకర తిరిగిన ఒక చెట్టు, గాజు మీద ఒకసారి ఆవిరి, ఒకసారి వాన చినుకులు, ఒకసారి మంచు పొర, గట్టు మీద ఎప్పుడైనా ఒక గ్లాసు. ఆ ఫొటోలు ఎంతసేపు చూసినా విసుగు పుట్టదు.

తెలుగునాట కిటికీకి చలిదేశపు ఆవిరి పట్టకపోయినా ఎండ నడక ఉంది. హైదరాబాద్‌లో సూర్యుడు ఉదయించే చోటు జూన్ చివరికీ డిసెంబరు చివరికీ సుమారు 50 డిగ్రీలు జరుగుతుంది. వంటింటి తూర్పు కిటికీని రోజూ ఒకే వేళకు, ఒకే చోట నిలబడి ఫొటో తీస్తే, గోడ మీద ఎండ పలక వారం వారం పక్కకు జరగడం కనిపిస్తుంది. ఉత్తరాయణం, దక్షిణాయనం అని పంచాంగంలో చదివేది పప్పు డబ్బాల వెనకాల గోడ మీదే రాసి ఉంటుంది. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు తొలివారంలో మరోసారి హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన స్టీలు గ్లాసు నీడ పక్కకు పడకుండా దాని అడుగునే దాక్కుంటుంది. ఆ రోజు తీయాల్సిన ఫొటో ఆ గ్లాసుదే. మబ్బులు అడ్డొచ్చే ఆగస్టుకంటే మే నెలలోనే అది దొరికే అవకాశం ఎక్కువ.

కొందరు తమ ముఖాన్నే విషయంగా తీసుకున్నారు. బోస్టన్ కాలేజీలో ఫొటోగ్రఫీ బోధించిన కార్ల్ బేడెన్ 1987 ఫిబ్రవరి 23న మొదలుపెట్టి రోజూ తన ముఖాన్ని ఫొటో తీసుకుంటూ వచ్చాడు. అదే కెమెరా, అదే వెలుతురు, వెనకాల అదే తెల్లదనం, ముఖంలో ఏ భావమూ లేకుండా. అన్నీ మారకుండా ఉంచితే, మారేది వయసొక్కటే. ఆయన పద్ధతిలో ఒక శాస్త్రజ్ఞుడి క్రమశిక్షణ ఉంది. న్యూయార్క్‌కు చెందిన నోవా కలీనా 2000 జనవరి 11న ఇలాంటి పనే మొదలుపెట్టి, 2006లో 2,356 ఫొటోలను కలిపి ఒక వీడియో చేస్తే ప్రపంచమంతా చూసింది. అందులో ముఖం మధ్యలో నిలబడి ఉంటుంది, వెనకాల గదులు, ఊళ్లు మారిపోతుంటాయి.

ఒక రోజు తప్పితే? అందరూ భయపడేది ఇక్కడే. బేడెన్‌కే 1991 అక్టోబరు 15 తప్పిపోయింది. తైవాన్‌లో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడ్డ కళాకారుడు తెచింగ్ షే ఇంకా కఠినమైన పని పెట్టుకున్నాడు. 1980 ఏప్రిల్ 11 నుంచి ఏడాదిపాటు, పగలూ రాత్రీ, గంటగంటకూ హాజరు యంత్రంలో కార్డు పంచ్ చేసి, పక్కన నిలబడి సినిమా కెమెరాతో ఒక్క ఫ్రేమ్ తీసుకున్నాడు. మొదట గుండు చేయించుకున్నాడు కాబట్టి జుట్టు పెరుగుదలే కాలానికి కొలత అయింది. మొత్తం 8,760 గంటల్లో 133 తప్పాయి. వాటిని దాచలేదు. నిద్రపోయి 94 తప్పాయనీ, ఆలస్యమై 29, తొందరపడి ముందే పంచ్ చేసి 10 తప్పాయనీ లెక్క రాసిపెట్టాడు. ఆ లెక్కను కూడా పనిలో భాగం చేశాడు. ఏడాదంతా కలిపి ఆరు నిమిషాల సినిమా అయింది. తప్పిన రోజును తప్పినట్టు రాసుకుని మర్నాడు కొనసాగించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు. నిన్నటి ఫొటోను ఇవాళ తీసి నిన్నటి తేదీ వేయడం మాత్రం చేయకూడదు. తేదీ అబద్ధమైతే వరస మొత్తానికి విలువ పోతుంది.

ఆ విలువ ఏపాటిదో లివింగ్‌స్టన్ ఫొటోలే చెబుతాయి. అతను పోయాక స్నేహితులు వాటిని ఒక్కొక్కటిగా సర్ది, 2007లో అతను చదివిన బార్డ్ కాలేజీలోనే ప్రదర్శనకు పెట్టారు. విడివిడిగా చూస్తే చాలావి మామూలు ఫొటోలు. కొన్నిట్లో వెలుతురు చాలలేదు, కొన్నిట్లో చెయ్యి అదిరింది. వరసలో చూస్తే మాత్రం ఒక మనిషి యవ్వనం, అతని ఊరు, అతని చుట్టూ ఉన్నవాళ్లు, 1980ల గదులు, టెలిఫోన్లు, కార్లు అన్నీ తేదీలతో సహా నిలబడతాయి. పండగ ఫొటోలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. ఏ విశేషమూ లేని బుధవారం సాయంత్రం అమ్మ బియ్యం ఏరుతున్న ఫొటో ఎన్ని ఇళ్లలో ఉంది? పదేళ్ల తర్వాత ఇంట్లో అందరూ చుట్టూ చేరి చూసేది ఆ ఫొటోనే.

అందుకని దాచుకునే పద్ధతి మీద కాస్త శ్రద్ధ పెట్టాలి. ఫోను పోతే ఫొటోలూ పోతాయి. ఫైలు పేరును సంవత్సరం, నెల, రోజు వరసలో రాస్తే కంప్యూటరు వాటిని దానంతటదే సర్దుతుంది. రెండు చోట్ల కాపీలుండాలి, ఒకటి ఇంటి బయట ఉంటే ఇంకా మంచిది. నెలకొకటైనా ప్రింటు వేయించి వెనకాల తేదీ, ఊరు, ఫొటోలో ఉన్నవాళ్ల పేర్లు పెన్సిలుతో రాయాలి. పాత ఆల్బమ్‌లు తిరగేస్తూ ‘ఈయనెవరో’ అని ఆగిపోయిన ఇళ్లకు ఆ పేర్ల విలువ తెలుసు.

మంచి కెమెరా కొన్నాక మొదలుపెడదామనో, ఉగాదికి మొదలుపెడదామనో అనుకోవద్దు. ఇవాళ చీకటి పడేలోపు ఇంట్లోనే ఒక ఫొటో తీయండి, తేదీ వేసి దాచండి, రేపు అదే చోట ఇంకొకటి తీయండి.